సోకు కొనాలా? సుఖం కొనాలా?

నెల్లూరు తీరాన ఒక క్రూయిజర్ బండి కథ!

ముందు చక్రం కనిపిస్తుంది. ఆ తర్వాత బూటు. ఆ తర్వాత అద్దంలా మెరిసే సైలెన్సరు. కెమెరా మెల్లగా పైకి లేస్తుంది. కాళ్ళు ముందుకి చాపి, చేతులు బార్లా చాచి, సింహాసనం మీద కూర్చున్నంత దర్జాగా హీరోగారు! ఇంకేముంది, హాలంతా ఈలలు, కాగితం ముక్కల వాన! ఆ బండి పేరేమిటో, ఖరీదెంతో అప్పుడు ఎవరికీ అక్కర్లేదు. ఆ కూర్చున్న తీరు చాలు. ఇంటర్వెల్లో సోడా తాగే కుర్రాళ్ళలో సగంమంది మనసులో ఆ సీటు మీద వాళ్ళే కూర్చుని వుంటారు.

ఆ తీరు బండినే క్రూయిజర్ అంటున్నారు. పొడుగాటి ఒళ్ళు, కిందికి దిగిన సీటు, నీటిబొట్టు ఆకారంలో టాంకు, ముందుకి జరిగిన ఫుట్‌రెస్టులు, వెడల్పాటి హాండిలు... ఇవీ దాని సాముద్రిక లక్షణాలు. చూడ్డానికి చక్కనిది, సందేహం లేదు. అయితే చక్కనిదల్లా సుఖమైనదేనా? తెర మీద రెండు నిముషాలు కనిపించే బండి మీద మనం రోజూ గంటకి పైగా కూర్చోగలమా? వెనక కూర్చునేవాళ్ళ మాటేమిటి?

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. మా అక్క కొడుకు పుట్టించాడు!

అక్కావాళ్ళది ఇందుకూరుపేట పక్కన పల్లెటూరు. బావకి రొయ్యల గుంటలు. గుంటల సంగతి నెల్లూరువాళ్ళకి నేను చెప్పాలా? ఒక పంట ఇల్లు కట్టిస్తుంది, ఇంకో పంట ఆ ఇంటినే తాకట్టు పెట్టిస్తుంది. నిరుడు తెల్లమచ్చ వైరస్ తగిలి సగం గుంటలు ఖాళీ అయిపోయాయి. ఈ యేడు కాస్త చేతికి అందింది. అప్పులు పోగా మిగిలిన దాంట్లోంచి కొంత ముందు కట్టి, మిగతాది నెలవారీ వాయిదాల మీద, కొడుక్కి బండి కొనిపెడతానని బావ మాటిచ్చాడు.

మావాడికి ఇరవై నాలుగేళ్ళు. నెల్లూర్లో ఉద్యోగం. పోనూ రానూ రోజూ ముప్ఫై అయిదు, నలభై కిలోమీటర్లు. ఇంట్లో వున్న పాత బండి ఇక నావల్ల కాదంటోంది. కాబట్టి రాబోయే బండే ఆ ఇంటికి దిక్కు. అక్కకి మోకాళ్ళ నొప్పులు. నెలకి రెండుసార్లు నెల్లూరు డాక్టరు దగ్గరికి ఆ బండి వెనకే కూర్చుని పోవాలి. ఇన్ని బరువులు మోయాల్సిన బండి అది!

"మామా, నువ్వు పేపర్లకి రాస్తుంటావు గదా, నీ మాటయితే నాయన ఇంటాడు. క్రూయిజరే కొనమని చెప్పు మామా" అని ఫోను.

"చెప్పేముందు ఒకసారి ఎక్కి చూస్తానబ్బయ్యా" అన్నాను.

గుర్రం దిగి బండెక్కిన కౌబాయ్

క్రూయిజర్ పుట్టిల్లు అమెరికా. 1903లో మిల్వాకీ పట్టణంలో మొదలైన హార్లే డేవిడ్‌సన్ లాంటి కంపెనీల పెద్ద బళ్ళే దీనికి తాతలు. అక్కడి రోడ్లు వెడల్పు, తిన్నన. మైళ్ళ తరబడి మలుపు తగలని దారులున్నాయి. అలాంటి దారిలో కాళ్ళు చాపుకుని, ఒకే వేగంతో, తొందర లేకుండా సాగిపోవడానికి తయారైన బండి అది. ఆ కూర్చునే తీరు చూస్తే గుర్రం జీను మీద కాళ్ళు ముందుకి వదిలి కూర్చునే కౌబాయ్ గుర్తు రాడూ!

మన ప్రేక్షకులకి కౌబాయ్ కొత్తవాడేం కాదు. 1971లోనే 'మోసగాళ్ళకు మోసగాడు'లో కృష్ణగారు టోపీ పెట్టి గుర్రమెక్కారు. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. ఆ తర్వాత 1990లో 'కొదమసింహం'లో చిరంజీవి, 2002లో 'టక్కరి దొంగ'లో మహేష్‌బాబు అదే వేషం కట్టారు. ఆ ఠీవిని తెలుగువాడు ఎప్పుడో సొంతం చేసుకున్నాడు. గుర్రం బదులు బండి వచ్చింది, అంతే తేడా.

హాలీవుడ్‌లో ఈ మోజుని పెంచిన సినిమా 1969 నాటి 'ఈజీ రైడర్'. పీటర్ ఫోండా, డెన్నిస్ హాపర్ పొడుగు ఫోర్కుల బళ్ళెక్కి దేశం చుట్టబెడితే అమెరికా కుర్రకారు వెర్రెత్తిపోయింది. 1991లో 'టెర్మినేటర్ 2'లో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ ఎక్కిన హార్లే ఫ్యాట్ బాయ్‌ని మరిచిపోయినవాళ్ళెవరు? మన దేశంలో 1975 'షోలే' చూడండి. అమితాబ్, ధర్మేంద్ర ఎక్కింది పక్కతొట్టి తగిలించిన బియస్‌ఏ. అది క్రూయిజర్ కాదు, రెండో ప్రపంచ యుద్ధం నాటి మోడల్. అయినా ఇద్దరు స్నేహితులు, ఒక బండి, ఖాళీ రోడ్డు అనగానే ఇప్పటికీ మనకి అదే కళ్ళ ముందు ఆడుతుంది. బండికి ఆ మహిమ సినిమా ఇచ్చింది!

తెర వెనక సంగతి

అయితే ఒక ముచ్చట. వెనకటి సినిమాల్లో హీరో బండి నడిపే దగ్గరి షాట్లు చాలావరకు స్టూడియోలోనే తీసేవారు. బండి నేలకి బిగించి వుంటుంది. వెనక పెద్ద తెర మీద రోడ్డు బొమ్మ పరుగెడుతూ వుంటుంది. పక్కనుంచి పెద్ద ఫ్యాను గాలి కొడుతూ వుంటుంది. జుట్టు ఎగురుతుంది, బండి కదలదు! దీన్నే బ్యాక్ ప్రొజెక్షన్ అనేవారు. తర్వాత్తర్వాత బండిని చక్రాల పలక మీద ఎక్కించి, కెమెరా వున్న వాహనంతో లాక్కుపోవడం వచ్చింది. గాల్లోకి లేచే ఫీట్లన్నీ డూపుల వంతు. ఒళ్ళు హూనం చేసుకునేది వాళ్ళు, ఈలలు హీరోగారికి.

కెమెరా కూడా తక్కువది కాదు. నేలకి ఆనించి, కింది నుంచి పైకి చూపిస్తే మామూలు బండి కూడా ఏనుగులా కనిపిస్తుంది. క్రూయిజర్ పొడుగ్గా, నేలబారుగా వుంటుంది కాబట్టి కెమెరాకి అది మరీ ముద్దు. హీరో మొహానికీ ఛాతీకీ హాండిలు అడ్డం రాదు. షాటు అయిపోయిందంటే కుర్చీ, గొడుగు, కొబ్బరిబొండం సిద్ధం. ఆ షాటులో గతుకు వుండదు, స్పీడ్ బ్రేకరు వుండదు, వెనక సీట్లో సంచి పట్టుకున్న అమ్మ వుండదు.

మనకో? మూడూ వుంటాయి!

మన గడ్డ మీద క్రూయిజర్లు

మన నెల్లూరుకి ఇటువైపు మూడు, నాలుగు గంటల దారిలో వున్న మద్రాసులోనే 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. అక్కడ తయారైన బులెట్టు మన పల్లెల్లో దర్జాకి మారుపేరు. అయితే బులెట్టు క్రూయిజర్ కాదు సుమండీ! దానిమీద వీపు నిటారుగా వుంటుంది, పాదాలు ఇంచుమించు మోకాళ్ళ కిందికే వస్తాయి. మన మోతుబరులు దానిమీద ఊళ్ళకి ఊళ్ళు తిరిగారంటే కారణం బండి బరువొక్కటే కాదు, ఆ కూర్చునే తీరు కూడా.

అసలు క్రూయిజర్ రుచి మన కుర్రాళ్ళకి 2001లో బజాజ్ కవాసాకీ ఎలిమినేటర్ చూపించింది. 2002లో ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ వచ్చింది. 2005లో ఎలిమినేటర్ స్థానంలో బజాజ్ అవెంజర్ దిగింది. తక్కువ ఖరీదులో కాళ్ళు చాపుకునే భోగం దొరికేసరికి కాలేజీ కుర్రాళ్ళు ఎగబడ్డారు. 2020 నవంబర్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 వచ్చింది. 2023 జనవరిలో అదే కంపెనీ సూపర్ మీటియర్ 650 అమ్మకాలకి తెచ్చింది. మొదటి ధర, షోరూంలో, 3 లక్షల 49 వేల దగ్గర మొదలు. ఈ పేర్లు కొత్తవేం కాదు. 1950లలోనే ఇంగ్లండులో అదే పేర్లతో బళ్ళు తిరిగాయి.

జాతకాలు కాస్త సరిచూద్దామా? సూపర్ మీటియర్ 650 బరువు 241 కిలోలు. సీటు ఎత్తు 740 మిల్లీమీటర్లు. బండి పొట్టకీ నేలకీ మధ్య ఎడం 135 మిల్లీమీటర్లు. మీటియర్ 350కి బరువు 191 కిలోలు, సీటు ఎత్తు 765, నేల ఎడం 170. అవెంజర్ క్రూయిజ్ 220కి బరువు 163 కిలోలు, సీటు ఎత్తు 737, నేల ఎడం 169. అన్నీ క్రూయిజర్లే. అయినా ఒకదానికీ ఇంకోదానికీ ఎంత తేడా! ఈ అంకెలు పోస్టరు మీద కనపడవు. మన రోడ్డు మీద మాత్రం తప్పకుండా కనపడతాయి.

హైవే మీద హీరో

మావాడి స్నేహితుడొకడు ఈ మధ్యే ఒక కొత్త క్రూయిజర్ కొన్నాడు. దాని పేరు ఇక్కడ అనవసరం. మనకి కావాల్సింది ఒక కంపెనీ గుణగణాలు కాదు, ఆ జాతి బండి గుణగణాలు. ఒక ఆదివారం తెల్లారుజామున అది అడిగి తీసుకుని నెల్లూరు నుంచి కావలి వైపు హైవే ఎక్కాను. మావాడు పాత బండి మీద వెనక.

నిజం చెప్పాలి. మొదటి అరగంట స్వర్గం! సీటు కిందికి వుండడంతో రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనతాయి. పొట్టివాళ్ళకి, కొత్తగా నేర్చుకునే ఆడపిల్లలకి ఇదెంత ధైర్యమో! బండి కదిలాక బరువు తెలియనే తెలియదు. పొడుగాటి బండి కదా, తిన్నటి రోడ్డు మీద గీత గీసినట్టు పోతుంది. లారీ పక్కనుంచి దూసుకుపోయినా తొణకదు. ఇంజను గట్టిగా అరవకుండా, తక్కువ తిరుగుడులోనే బలంగా లాగుతుంది. గేర్లు ఊరికే మార్చక్కర్లేదు. మోకాళ్ళు మడత పడవు కాబట్టి కీళ్ళకి హాయి. డెబ్బై, ఎనభై వేగంలో పోతూ వుంటే పక్కనున్న చేలూ, గుంటల మీద తిరిగే ఏరేటర్లూ సినిమా రీలులా కదిలిపోతున్నాయి. నాక్కూడా వెనకాల ఏదో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వినిపించిందంటే నమ్మండి!

తొంభై దాటింది. అక్కడ మొదలైంది రెండో రీలు. చేతులు చాపి, ఛాతీ విప్పి కూర్చుంటాం కదా, గాలి నేరుగా వచ్చి గుండెల మీద కొడుతుంది. తెరచాప కట్టిన పడవలా ఒళ్ళు వెనక్కి పోతుంది. పడకుండా వుండాలంటే హాండిలు గట్టిగా పట్టుకోవాలి. పది నిముషాల్లో భుజాలు బరువెక్కాయి. ముందు అద్దం కవచం, అదే విండ్‌షీల్డు, వున్న బళ్ళకి ఈ బాధ చాలా తక్కువ. అందం కాస్త తగ్గుతుందని కుర్రాళ్ళు దాన్ని ఊడదీయిస్తుంటారు. హైవే మీద తిరిగేవాళ్ళు ఆ పని చేయకండి.

గంట గడిచేసరికి వెన్నుపూస చివర ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నట్టు వుంది. టీ కొట్టు దగ్గర ఆపి దిగాను. "ఎట్టుండాది మామా?" అన్నాడు మావాడు, కళ్ళల్లో ఆశతో. "ఇంకా సినిమా సగమే అయింది, మైపాడు దాకా పోయొద్దాం పద" అన్నాను.

మైపాడు దారిలో మామూలు మనిషి

నెల్లూరు నుంచి మైపాడు సముద్రం పాతిక కిలోమీటర్ల లోపే. ఆదివారం వస్తే నెల్లూరు కుర్రకారంతా అక్కడే. అయితే ఆ దారి హైవే కాదు. ఊరూరికీ స్పీడ్ బ్రేకరు. గుంటల మేతకి పోయే ట్రాలీలు, ఐసు నీళ్ళు కార్చుకుంటూ పోయే రొయ్యల బళ్ళు, రోడ్డు మీదికి అడ్డంగా వచ్చే గేదెలు. నీళ్ళు నిలిచి చిట్లిన తారు. అతుకుల మీద అతుకులు. స్పీడ్ బ్రేకర్లు పదమూడు దాకా లెక్కపెట్టి మానేశాను.

స్పీడ్ బ్రేకరుకి ఒక లెక్క వుందని ఎంతమందికి తెలుసు? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో పెట్టిన కొలత ప్రకారం ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు వుండాలి. మెల్లగా ఎక్కి మెల్లగా దిగే గుట్ట అన్నమాట. మన పల్లెల్లో చాలాచోట్ల కనిపించేది పిట్టగోడ! పొడుగాటి బండికి ముందు చక్రం దాటేసినా వెనక చక్రం ఇంకా అవతలే వుంటుంది. మధ్యలో పొట్ట వేలాడుతుంది. ఇద్దరెక్కి వున్నప్పుడు "గరక్"మని రాసుకుంటే బండి యజమాని గుండె కూడా అదే చప్పుడు చేస్తుంది.

ఇక ప్రతి గతుకూ నేరుగా నా నడుంకే ఉత్తరం రాసింది. హైవే మీద హీరోలా పోయినవాణ్ణి ఇందుకూరుపేట దాటేసరికి మామూలు మనిషినైపోయాను.

నడుం ఎందుకు పట్టేస్తుంది?

ఇందులో మంత్రం ఏమీ లేదు. మామూలు బండి మీద పాదాలు మన ఒంటికి ఇంచుమించు కిందే వుంటాయి. గతుకు రాగానే మనకి తెలియకుండానే పాదాల మీద బరువు వేసి పిరుదులు ఒక అంగుళం పైకి లేపుతాం. అంటే మన కాళ్ళే స్ప్రింగులు! క్రూయిజర్ మీద పాదాలు ముందుకి పోయాయి. లేవాలంటే హాండిలు పట్టుకుని వేలాడాలి. కాళ్ళు పనిలోంచి తప్పుకున్నాయి కనుక వాటి పని కూడా వెన్నుపూసే చేయాలి.

రెండోది, కాళ్ళు ముందుకి చాపితే నడుం కింది భాగం వెనక్కి ఒరుగుతుంది. అక్కడ వెన్నుకి సహజంగా వుండే వంపు చదునైపోతుంది. వంపు వున్న వెన్ను స్ప్రింగులా దెబ్బని పంచుకుంటుంది. చదునైన వెన్ను కర్రలా దెబ్బ తింటుంది.

మూడోది బండిలోనే వుంది. సీటు కిందికి దించాలంటే వెనక చక్రం పైకీ కిందికీ ఆడే చోటు తగ్గించక తప్పదు. సూపర్ మీటియర్ 650లో ఆ ఆట 101 మిల్లీమీటర్లు. అదే కంపెనీ కొండదారుల కోసం చేసిన హిమాలయన్ 450లో 200 మిల్లీమీటర్లు. దాదాపు రెట్టింపు! అయితే ఆ హిమాలయన్ సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. పొట్టివాళ్ళు ఎక్కాలంటే ముందు మునివేళ్ళ మీద నిలబడ్డం నేర్చుకోవాలి. ఆట తక్కువైన చోట స్ప్రింగు కాస్త బిగువుగా వుండాలి, లేకపోతే బరువు పడ్డప్పుడు అడుగంటా దిగి కొట్టుకుంటుంది. కనుక ఇది తయారుచేసినవాళ్ళ తప్పు కాదు, ఆ ఆకారానికి మనం కట్టే ధర. అందం ఒక తక్కెడలో, ఆట ఇంకో తక్కెడలో.

దీనికి కొంత విరుగుడు కూడా వుంది. చాలా బళ్ళలో వెనక షాక్ అబ్జార్బర్లకి మెట్లు మెట్లుగా తిప్పే బిగింపు వుంటుంది. ఒక్కరే పోయేటప్పుడు వదులు మెట్టులో, ఇద్దరెక్కినప్పుడు బిగువు మెట్టులో పెట్టుకోవాలి. కొన్ననాటి నుంచీ దాన్ని ముట్టుకోని మహానుభావులే ఎక్కువ! టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే కొట్టించండి. "ఇంకో రెండు పాయింట్లు ఎక్కువ కొట్టు" అనే అలవాటు నడుంకి శత్రువు. సీటు మెత్తగా వుంటే చాలనుకోవద్దు. మరీ మెత్తటి స్పాంజి అరగంటలో అణిగిపోయి కింది రేకు తగులుతుంది. కాస్త గట్టిగా, వెడల్పుగా వున్నదే దూరాభారానికి మంచిది.

వెనక సీటు మాటేమిటి?

అసలు క్లైమాక్స్ అక్కావాళ్ళ ఇంటి ముందు జరిగింది. బండి చప్పుడికి అక్క చెయ్యి కడుక్కుంటూ బయటికి వచ్చింది. చుట్టూ తిరిగి చూసింది. "బాగుండాదిరా, పెళ్ళికొడుకు మాదిరి!" అంది. మావాడు ఉబ్బిపోయాడు. "ఎక్కమ్మా, ఒక రౌండు పోయొద్దాం" అన్నాడు.

అక్క అలవాటు ప్రకారం చీర సర్దుకుని పక్కకి తిరిగి కూర్చుంది. ముందు సీటు వెడల్పుగా, గుంటగా, కుర్చీలాగా వుంది. వెనకది సన్నగా, వాలుగా వుంది. పట్టుకోవడానికి చెయ్యి చాపితే చేతికి ఏమీ తగల్లేదు. బండాయన అందం కోసం వెనకనున్న కడ్డీ తీయించేశాడట! ఊరి చివర కాలవ దాకా పోయి వచ్చారు. దిగి, మోకాలు పట్టుకుని, అక్క అన్న మాట యథాతథంగా రాస్తున్నాను.

"ఇదేందిరా అబ్బయ్యా, ముందు నీకు సోఫా ఏసి, వెనక నాకు పీటేసినట్టుండాది!"

నేను నవ్వాను గానీ మావాడు నవ్వలేదు.

వెనక కూర్చునేవాళ్ళు ఆ బండిలో పరాయివాళ్ళు కాదని చట్టం కూడా చెప్తోంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం వెనక మనిషికి పట్టుకోవడానికి పిడి, పాదాలు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ వుండాలి. మన భాషలో శారీ గార్డు. అది ఊడదీస్తే బండి నాజూగ్గా కనిపిస్తుందని తీసి మూలన పారేసే కుర్రాళ్ళు ఒక్కసారి ఆలోచించండి. మీ వెనక కూర్చునేది మీ అమ్మే, మీ చెల్లెలే, రేపు మీ ఆవిడే! హెల్మెట్టు కూడా ఇద్దరికీ వుండాలి. వీలైనవాళ్ళు పక్కకి తిరిగి కాకుండా రెండువైపులా కాళ్ళు వేసి కూర్చోవడమే క్షేమం.

ఉప్పు గాలి, ఇసుక నేల

తీరం దగ్గర వుండేవాళ్ళకి ఇంకో చిక్కుంది. క్రూయిజర్ అందంలో సగం దాని క్రోమియం మెరుపుది. ఇనుము మీద నికెల్ పూత, దానిమీద పల్చటి క్రోమియం పూత. ఎక్కడో సన్నటి బీట పడితే చాలు, సముద్రం మీది ఉప్పు తేమ లోపలికి దూరి ఇనుముని తినడం మొదలెడుతుంది. పైన మెరుపు, కింద తుప్పు! మైపాడు, కొత్తకోడూరు లాంటి చోట్లకి పోయొచ్చినప్పుడల్లా మంచినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, గొలుసుకి నూనె రాయాలి. నల్లరంగు పూసిన సైలెన్సరు, మేలురకం రంగు వేసిన చక్రాలు వున్న మోడళ్ళకి ఈ చాకిరీ కొంచెం తక్కువ.

బండి తీసుకుపోయి ఇసుకలో నిలబెట్టి ఫోటో దిగాలని అందరికీ సరదా. రెండొందల కిలోల పైన బరువు ఒక్క స్టాండు మీద పడితే ఇసుకలో దిగబడి బండి పక్కకి ఒరిగిపోతుంది. చదును రాయో, చెక్కముక్కో స్టాండు కింద పెట్టండి. ఆ బరువు పడితే లేపడానికి ఇద్దరు కావాలి. లేపాక మీ నడుంకి ఇంకొకరు కావాలి! ఎండాకాలం మాట వేరే చెప్పాలా? మే నెలలో నెల్లూరు ట్రాఫిక్‌లో ఆగితే పెద్ద ఇంజను సెగ తొడలకి తగులుతుంది. షోరూంలో ఏసీ వుంటుంది కాబట్టి అక్కడ ఇది తెలియదు.

మావాడు ఏం చేశాడంటే...

రెండు రోజులు అలిగాడు. మూడోరోజు వాడే ఫోను చేశాడు. "మామా, క్రూయిజరే కావాల. కానీ అమ్మ కూర్చోగలిగేది కావాల. రెండూ కుదరవా?" అన్నాడు. కుదురుతాయి. ఎందుకు కుదరవు? ప్రశ్న అలా అడగడం తెలియాలి, అంతే.

తర్వాతి రెండు వారాలు తల్లీ కొడుకులు నెల్లూర్లో మూడు షోరూములు తిరిగారు. సేల్స్ కుర్రాళ్ళు ఇంజను గురించి చెప్తుంటే అక్క వెనక సీటు చేత్తో నొక్కి చూసేదట. చివరికి పెద్ద ఇంజను బండి వదిలేసి, నేల ఎడం ఎక్కువున్న మధ్యరకం క్రూయిజర్ తీసుకున్నారు. ఫుట్‌రెస్టులు మరీ ముందుకి లేవు. వెనక వెడల్పు సీటు, గట్టి పిడి, శారీ గార్డు దగ్గరుండి బిగించుకున్నారు. వాయిదా కూడా తగ్గింది. వచ్చే పంట ఎలా వుంటుందో ఎవరికి తెలుసు? బావ మాత్రం ఒక్క ముక్క అన్నాడు. "చూసేవోళ్ళు నెలకి అలవాటు పడిపోతారు బావా, కూర్చునేవోళ్ళు మూడేళ్ళు కంతులు కట్టాల."

మీరు కొనేముందు

క్రూయిజర్ వద్దని నేను అనడం లేదు. తిన్నటి రోడ్డు మీద ఎక్కువ తిరిగేవాళ్ళకి, పొట్టివాళ్ళకి, మోకాళ్ళు మడిచి కూర్చోలేనివాళ్ళకి, తొందర లేనివాళ్ళకి దాన్ని మించిన బండి లేదు. రోజూ గతుకుల్లో తిరిగేవాళ్ళు, వెనక మనిషి లేకుండా కదలనివాళ్ళు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

డబ్బు లెక్క కూడా మారింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా వున్న బళ్ళ మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 350 దాటిన వాటి మీద 40 శాతం వేశారు. అంటే పెద్ద ఇంజను మోజుకి ఇప్పుడు పన్ను కూడా పెద్దదే. ఆ తేడా డబ్బుతో మంచి హెల్మెట్లు రెండు, విండ్‌షీల్డు, వెనక ఆనుడు దిండు వస్తాయి.

షోరూం అద్దంలో బండెక్కి మిమ్మల్ని మీరు చూసుకోండి, తప్పులేదు. అందం కోసం కాకపోతే క్రూయిజర్ ఎందుకు? అయితే టెస్ట్ రైడ్ అంటే ఆ వీధి చివరిదాకా పోయి రావడం కాదు. కనీసం నలభై నిముషాలు అడగండి. మీ ఊరి రోడ్డు మీదే, మీ స్పీడ్ బ్రేకర్ల మీదే, పగటిపూట ఎండలోనే నడపండి. పాదాలు, సీటు, చేతులు మూడూ మీ కొలతకి కుదిరాయో లేదో చూసుకోండి. దిగాక పది నిముషాలు ఆగి నడుం ఏమంటుందో వినండి. రోజూ మీ వెనక ఎవరు కూర్చుంటారో వాళ్ళని వెంటబెట్టుకుపోయి, వెనక కూర్చోబెట్టి తిప్పండి. వాళ్ళు దిగి "సరే" అన్నాకే కాగితాల మీద సంతకం పెట్టండి.